విధేయత నేర్చుకుందాం – 4వ పాఠం: వలలు కడిగేశాక

పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం చేశారా? రోజూ పొద్దున్నే కొంత వాక్యం చదివి, అది మిమ్మల్ని ఏం చేయమంటోందో ఒక్క లైనులో రాయమన్నాను. రాయడం సులువే. చేయబోతేనే ‘మనసు రావట్లేదు’ అంటాం. ముందు భక్తి పుట్టాలి, తర్వాత లోబడొచ్చు అనుకుంటాం. ఈ పాఠంలో ఆ వరస తిరగేద్దాం.

బైబిలులో లూకా సువార్త 5వ అధ్యాయం తీసి, మొదటి 11 వచనాలు పైకి చదవండి. (1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ మన విశాఖకే వచ్చి, తెలుగు నేర్చుకుని, సువార్తల తర్జుమాకి దిగారు. ఈ పేజీలతో మన ఊరికి పరిచయం పాతదే.)

పెదజాలరిపేట ఒడ్డుకి పొద్దున్నే వెళ్లండి. రాత్రంతా నీళ్లమీద ఉండి, చేపల్లేకుండా తిరిగొచ్చి, వల సర్దుకుంటున్న మనిషితో ‘మళ్లీ వెయ్యి’ అని చూడండి. ఏం సమాధానం వస్తుందో నేను చెప్పక్కర్లేదు! జాలరి సీమోను (పేతురు) కూడా అప్పటికే ఒడ్డున వలలు కడుగుతున్నాడు. అంటే ఆ రోజుకి పని ముగిసినట్టే. మళ్లీ వెయ్యమన్నది యేసు, వడ్రంగి ఇంటి నుంచి వచ్చినాయన. గెన్నేసరెతు సరస్సు ఆనుపానులు తెలిసింది సీమోనుకి.

‘రాత్రి అంతయు మేము ప్రయాసపడితిమి గాని మాకేమియు దొరకలేదు’ అని ఉన్న సంగతి చెప్పేశాడు. ఆ వెంటనే వచ్చే ‘అయినను’ కింద పెన్సిలుతో గీత గీయండి. ‘అయినను నీ మాట చొప్పున వలలు వేతును.’ అలసట తీరలేదు, ఆశ పుట్టిందని కూడా ఎక్కడా లేదు. వల మాత్రం నీళ్లలో పడింది. వలలు పిగిలేంతగా చేపలు పడ్డాయి.

ఇప్పుడు పిలుపులు గమనించండి. 5వ వచనంలో ‘ఏలినవాడా’. 8వ వచనంలో యేసు మోకాళ్లయెదుట పడి ‘ప్రభువా’. భయభక్తులు వల వేశాక వచ్చాయి. నాకైతే ఈ అధ్యాయంలో చేపలకంటే ఇదే పెద్ద సంగతి.

హీబ్రూలో ‘షమా’ అంటే వినడమూ, లోబడడమూ కూడా. ఇది మనకి ఒకరు విడమర్చి చెప్పక్కర్లేదు. ‘వీడు మాట వినడు’ అని అమ్మ అంటే చెవుల గురించి కాదు కదా.

నా సంగతి చెప్తాను. ఒక పెళ్లిలో మా వదినని నలుగురిలో మాట అన్నాను. మత్తయి 5:24 (కానుక అర్పించేముందు వెళ్లి సమాధానపడమనే వచనం) చదివిన ప్రతిసారీ ఆవిడే గుర్తొచ్చేది. ఫోన్ చేయలేక, మూడు శుక్రవారాలు ఉపవాసమున్నాను. సౌలు రాజు చేసిందీ ఇదే: దేవుడు చంపమన్న గొర్రెల్లో మంచివి మిగుల్చుకుని, బలికోసం అన్నాడు. ‘బలులు అర్పించుటకంటె ఆజ్ఞను గైకొనుట’ శ్రేష్ఠమని సమూయేలు ప్రవక్త అతనితో అన్న మాట 1 సమూయేలు 15:22లో ఉంది. చివరికి గాజువాక బస్టాపులో, మనసు రాకుండానే నంబరు నొక్కాను. ‘ఏటయ్యా, ఇన్నాళ్లకి గుర్తొచ్చామా?’ అంది. తప్పయిందన్నాను. ‘సర్లే’ అని పెట్టేసింది. రెండు నిమిషాలు కూడా కాలేదు. ఆ రాత్రి మోకాళ్లూనితే చాలాసేపు మాట రాలేదు. మూడు ఉపవాసాల్లోనూ అలా జరగలేదు.

ఈ వారం అభ్యాసం. మీ నోట్‌బుక్‌లో, మీకు ముందే తెలిసి వాయిదా వేస్తున్న పని ఒక్కటే రాయండి. అప్పు తీర్చడమో, లెక్క సరిచేయడమో. పెద్ద పని వద్దు, ఒక రోజులో అయ్యేది చాలు. దాని పక్కన మీ సాకు కూడా ఉన్నదున్నట్టు రాయండి. సీమోనూ దాచుకోలేదు. కింద ‘అయినను’ అని రాసి, తేదీ వేయండి. చేసేశాక ఎలా అనిపించిందో వెంటనే వద్దు, మర్నాడు రాయండి.

లోబడి కూడా వల ఖాళీగా వస్తే? అది 5వ పాఠం. దానియేలు 3వ అధ్యాయం చదివి ఉంచండి, 18వ వచనం రెండుసార్లు.