పాత చీరలతో సంచులు కుడుతున్నారా? కత్తెర పెట్టే ముందు ఇవి చూసుకోండి

వేసవి సెలవులకు ఆడపడుచులు, పిల్లలు దిగారంటే అమ్మమ్మ బీరువా తెరుచుకుంటుంది, మిషన్ ముందు కొత్త ప్లాన్లు మొదలవుతాయి.

• ఆ చీర ఎవరిదో పెద్దవాళ్లను అడగండి. పెళ్లి చీరో, సీమంతం చీరో అయితే కత్తెర పడ్డాక ఏం చేసినా తిరిగి రాదు.

• అంచులోని జరీ పోగు ఒకటి గీకండి. లోపల ఎర్ర పట్టు దారం కనిపిస్తే వెండి జరీ కావచ్చు, ముక్కలు చేయకముందే తెలిసినవాళ్లకు చూపించండి.

• మడతలను వెలుగుకు ఎత్తి పట్టి చూడండి. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు సరిగ్గా అక్కడే చీలుతుంది. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, రెండు వేళ్లతో మెల్లగా లాగితే ఆ గీత వెంటే పోగులు విడిపోతాయి. లోపల కాన్వాస్ వేసినా అది కూరగాయల బరువు మోయదు. కొంగు గట్టిగా ఉంటే అంతవరకే తీసుకుని చిన్న పర్సు కుట్టుకోండి, నా మాట వినండి.

• సంప్రదాయ గద్వాల చీరకు మధ్యలో నూలు, అంచు పట్టు. తడిస్తే రెండూ ఒకేలా కుంచించుకోవు, విడదీసి వాడండి.

• తడి తెల్లగుడ్డతో రుద్దండి. రంగు దిగితే రేపు చెమట చేతికీ, బట్టలకీ అంటుతుంది.

• కలరా ఉండల వాసన పోవడానికి నీడన ఆరేయండి, మే ఎండకు రంగు వెలుస్తుంది.

• పట్టుకు 11 నంబరు సూది, నూలుకు 14. మొద్దు సూది పోగులు లాగేస్తుంది.

• లేచే ముందు గుండుసూదులు లెక్కపెట్టండి, రాత్రి పిల్లలకు చాపలు పరిచేది అక్కడే.