హార్మోన్ ఇంజెక్షన్‌తో పాటే మొదలుపెట్టాల్సిన జాగ్రత్తలు

ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఇచ్చే లూప్రొలైడ్, గోసెరెలిన్ లాంటి ఇంజెక్షన్లు టెస్టోస్టెరాన్‌ను దాదాపు అడుగంటిస్తాయి. క్యాన్సర్ అణిగేది అందువల్లే. ఎముకలు గుల్లబారేది, కండ కరిగేది కూడా అందువల్లే. ఒళ్ళంతా ఆవిర్లు వస్తే రోగి డాక్టరుకు చెప్తాడు. ఎముక పలచబడిన సంగతి మాత్రం జారిపడి తుంటి విరిగేదాకా బయటపడదు.

ఈ ఇంజెక్షన్లు తొలి ఒకటి రెండు వారాలు టెస్టోస్టెరాన్‌ను పెంచి, తర్వాతే దించుతాయి. ఆ పొంగు నుంచి కాపాడటానికే బైకాలుటమైడ్ మాత్రలు రాస్తారు. వాటిని మానకూడదు. జబ్బు వెన్నెముకకు పాకినవారికి కాళ్ళు పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

చికిత్స మొదట్లోనే ఎముక గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ అడిగి చేయించుకోండి. తిండితో కలిపి రోజుకు 1000 నుంచి 1200 మి.గ్రా. కాల్షియం అందాలి. పావు లీటరు పాలలో సుమారు 300, 50 గ్రాముల రాగిపిండిలో 170 దాకా ఉంటుంది. తక్కువైనంతే మాత్రతో పూరించాలి. మాత్ర పెట్టె మీద 'కాల్షియం కార్బొనేట్ 1250' అని ఉంటే అందులో అసలు కాల్షియం 500 మాత్రమే. దాన్ని భోజనం తర్వాత వేసుకుంటేనే బాగా ఒంటబడుతుంది. గతంలో కిడ్నీలో రాళ్ళు వచ్చి ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి. 60,000 యూనిట్ల విటమిన్ డి పొట్లాలను రక్తపరీక్ష లేకుండా వారం వారం కొని వాడేయడం ప్రమాదం.

ఎముకలకు జోలెడ్రోనిక్ ఆమ్లం గానీ డెనోసుమాబ్ గానీ రాస్తే, అంతకుముందే పళ్ళ డాక్టరుకు చూపించి పీకాల్సిన పన్ను పీకించేసుకోవాలి. తర్వాత పీకిస్తే దవడ ఎముక మానకుండా పుండు పడొచ్చు. ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్‌ను వాయిదా వేస్తే ఎముక వేగంగా తరిగి వెన్నుపూసలు విరిగే ముప్పుంది.

నడక మంచిదే, కానీ నడకతోనే కండ నిలవదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు పెట్టి నెట్టడం, లీటరు నీళ్ళ సీసాలు ఎత్తడం: ఒక్కోటి మూడు విడతలు, వారానికి కనీసం రెండు రోజులు. జబ్బు ఎముకలకు పాకినవారు ఏవి చేయొచ్చో ముందు డాక్టరును అడగాలి. ఈ చికిత్సలో పొట్ట పెరుగుతుంది, షుగర్, కొలెస్ట్రాల్ ఎక్కుతాయి. రాత్రి అన్నం తగ్గించి పప్పు, గుడ్డు, చేప పెంచండి. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఎప్పుడెప్పుడు చేయించాలో రాయించుకోండి.

ఆవిర్లు ఎప్పుడొచ్చాయో, అంతకుముందు ఏం తిన్నారో వారం రోజులు రాసుకుంటే కారణం దొరకొచ్చు. చాలామందికి అది వేడి టీ, కారం, మద్యం. నూలు బట్టలు కట్టుకోండి. అప్పటికీ నిద్ర పాడవుతుంటే వెన్లాఫాక్సిన్, మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ లాంటి మందులున్నాయి, డాక్టరును అడగండి.

కోరిక తగ్గుతుందని భార్యకు మొదటి ఇంజెక్షన్‌కు ముందే చెప్పాలి. చెప్పకపోతే అది మందు పని అని ఆమెకు తెలియదు, తన మీద ఇష్టం తగ్గిందనుకుంటుంది. దిగులు రెండు వారాలు దాటి వదలకపోతే దానికీ చికిత్స ఉంది. ఆ మాట డాక్టరు దగ్గర భర్త ఎత్తకపోతే భార్యే ఎత్తాలి.