హాలోజన్ దీపం వెలుగు ఊగకుండా ఉండాలంటే

హాలోజన్ దీపంతో పనిచేసే కొలత పరికరంలో రీడింగ్ నిలకడగా లేదనగానే చాలామంది వెలుగును కొలిచే డిటెక్టర్‌ని అనుమానిస్తారు. నేను మాత్రం ముందు దీపం సాకెట్ విప్పి చూస్తాను. ఒకసారి ఓ స్పెక్ట్రోఫోటోమీటర్‌లో (నమూనా ఏ రంగు వెలుగును ఎంత పీల్చుకుంటుందో కొలిచే పరికరం) సున్నా సరిచేసిన పది నిమిషాలకే రీడింగ్ జారిపోయేది. బల్బు మార్చాను, సప్లై మార్చాను, లాభం లేకపోయింది. చివరికి చూస్తే సాకెట్‌లో పిన్నును పట్టుకునే స్ప్రింగు వేడికి నల్లబడి, పట్టు వదిలేసింది.

అంత చిన్న లోపం ఎంత పని చేస్తుందో లెక్కేయండి. 12 వోల్టుల, 100 వాట్ల బల్బు 8.3 ఆంపియర్లు తీసుకుంటుంది. ఆ కాంటాక్టులో 0.01 ఓమ్ పెరిగినా 0.083 వోల్టులు అక్కడే పోతాయి, అంటే 0.7 శాతం. వెలుగు వోల్టేజీకి సుమారు 3.4వ ఘాతంలో మారుతుంది కాబట్టి 2.4 శాతం తగ్గుతుంది. అందుకే సిరామిక్ సాకెట్ వాడండి, నల్లబడితే గీకకండి, మార్చేయండి. సప్లై నుంచి నాలుగు తీగలు లాగండి: రెండు కరెంటుకి, రెండు సాకెట్ దగ్గరి వోల్టేజీని చూసుకోవడానికి. అయినా పిన్ను దగ్గరి నష్టం వీటికి కనబడదు. కాంటాక్టు బెడద తప్పాలంటే స్థిర కరెంటు సప్లై మేలు. కానీ ఫిలమెంటు అరిగి సన్నబడే కొద్దీ స్థిర కరెంటు దాన్ని మరింత వేడెక్కిస్తుంది, అందుకని బల్బు ఎన్ని గంటలు వెలిగిందో రాసి పెట్టుకోండి.

బల్బును వట్టి చేత్తో ముట్టుకోకండి. ముట్టుకుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఫ్యాను గాలి దీపం వెనక ఉన్న హీట్‌సింక్‌కి (వేడిని లాగేసే లోహపు భాగం) తగలాలి, గాజుకి కాదు. గాజు గోడ 250 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే హాలోజన్ చక్రం (ఫిలమెంటు నుంచి ఆవిరైన టంగ్‌స్టన్‌ని హాలోజన్ వాయువు తిరిగి ఫిలమెంటుకి చేర్చడం) ఆగి, లోపల టంగ్‌స్టన్ మసి పడుతుంది. బల్బు ఎక్కువ కాలం రావాలని వోల్టేజీ మరీ దించేసినా ఇదే జరుగుతుంది.

ఫోటోడయోడ్‌తో (వెలుగును కరెంటుగా మార్చే చిన్న భాగం) ఫీడ్‌బ్యాక్ పెట్టేవాళ్లు, అంటే దీపం వెలుగును దానితో చూస్తూ సప్లైని సరిచేసేవాళ్లు, ఒక్కటి గుర్తుంచుకోవాలి: అది చూసే రంగులోనే వెలుగు నిలకడగా ఉంటుంది. పరారుణాన్ని చూసే డయోడ్ నీలి రంగుకి కాపలా కాయలేదు. కొలతలో ఏ ఫిల్టరు వాడుతున్నారో అదే దాని ముందూ పెట్టండి, డయోడ్‌ని దీపం వేడికి దూరంగా బిగించండి.

అన్నీ అయ్యాక దీపాన్ని అరగంట వెలగనిచ్చి, నమూనా లేకుండా నిమిషానికో రీడింగ్ చొప్పున గంటసేపు రాయండి. తర్వాత డిటెక్టర్‌కి వెలుగు అందకుండా మూసి ఇంకో గంట రాయండి. మూసినప్పుడూ అంతే జారుతుంటే తప్పు దీపానిది కాదు.