ట్యాంకులో పెట్రోల్ ఉన్నా ముల్లు లేవట్లేదా? ఫ్లోట్ కొనే ముందు ఎర్త్ చూడండి

పెట్రోల్ మీటర్ తప్పు చూపిస్తోందని నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో అప్పటికే కొత్త ఫ్లోట్ యూనిట్ (ట్యాంకులో పెట్రోల్ మీద తేలుతూ ఎంత ఉందో మీటర్‌కి చెప్పే పార్టు) ఉంటుంది. ఎవరో చెప్పారు, కొనేశారు. "బండి సెంటర్ స్టాండ్ మీద పెట్టి చూశారా?" అని అడిగితే నీళ్లు నములుతారు.

ముందు ఆ పని చేయండి. ట్యాంకు అడుగున, ఫ్రేమ్ మీద కూర్చోవడానికి మధ్యలో గాడి ఉంటుంది. పెట్రోల్ తగ్గే కొద్దీ అది గాడికి అటూ ఇటూ రెండు జేబుల్లా విడిపోతుంది. ఫ్లోట్ ఉండేది ఒక జేబులోనే. సైడ్ స్టాండ్ వేస్తే పెట్రోల్ ఎడమకు ఒరుగుతుంది, ముల్లు ఏదో ఒకటి చూపిస్తుంది. ఆ రీడింగ్ నమ్మి బాధపడటం అనవసరం. సమంగా ఉన్న నేల మీద సెంటర్ స్టాండ్ వేసి చూడండి. సెంటర్ స్టాండ్ లేకపోతే ఇంకొకరిని నిటారుగా పట్టుకోమనండి. డిజిటల్ మీటరైతే కీ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయాలి. పెట్రోల్ లోపల ఊగినప్పుడల్లా గీతలు గెంతకూడదని ఆ మీటర్లను నెమ్మదిగా మారేలా చేస్తారు. అందుకే కీ ఆన్‌లో ఉంచి పెట్రోల్ కొట్టిస్తే గీతలు వెంటనే పెరగవు.

ఫుల్‌లోనే ఉండి ఒక్కసారిగా పడిపోతోంది

చాలావరకు ఇది రిపేరే కాదు. ట్యాంకు నిండా నిండకముందే ఫ్లోట్ పైకప్పుకు తగులుతుంది, ఆ తర్వాత పోసిన పెట్రోల్ ముల్లుకు తెలియదు. అది ఖర్చయ్యేదాకా ఫుల్ చూపిస్తుంది, తర్వాత గబగబా దిగుతుంది. 9.8 లీటర్ల స్ప్లెండర్‌కైనా, 15 లీటర్ల పల్సర్‌కైనా ముల్లు సగంలో ఉంటే ట్యాంకులో సరిగ్గా సగం ఉండాలని రూలేమీ లేదు. మీ మీటర్ లెక్కేంటో తెలియాలంటే రిజర్వ్‌కి వచ్చాక బంకులో ఒక్కో లీటరు చొప్పున కొట్టించుకుంటూ, ప్రతిసారీ కీ తిప్పి ముల్లు ఎక్కడుందో రాసుకోండి. వెనకాల క్యూ తిట్టుకుంటుంది, కాబట్టి రద్దీ లేనప్పుడు వెళ్లండి. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక ఎక్కువ బళ్లు కార్బ్యురేటర్ నుంచి ఇంజెక్షన్‌కి మారిపోయాయి, వాటికి రిజర్వ్‌కి తిప్పుకునే కాక్ లేదు. ఆ బళ్లకు ఈ లెక్క ఇంకా అవసరం.

ఉన్నదానికంటే తక్కువ చూపిస్తోంది, లేదా ముల్లు వణుకుతోంది

నా చేతులు కాలింది ఇక్కడే.

మా వీధిలో పాలు పోసే బాబాయి ఒకరోజు బండి తెచ్చి, "ఒరే అబ్బాయ్, బంకు నుంచి ఇంటికి వచ్చేలోపే సగం ట్యాంకు తాగేసిందిరా ఇది" అన్నాడు. మూత తీసి చూస్తే పెట్రోల్ అంచుల దాకా ఉంది. ఫ్లోట్ పోయిందనుకుని మార్చాను. తేడా లేదు. పార్టు నకిలీదేమోనని మళ్లీ ఒరిజినల్ తెప్పించి వేశాను. అదే కథ. మల్టీమీటర్‌తో ఎర్త్ (కరెంటు తిరిగి బ్యాటరీ నెగటివ్‌కి చేరే దారి) చూస్తే బీప్ వచ్చింది, ఎర్త్ బాగానే ఉందని వదిలేశాను. చివరికి ఒక సాయంత్రం బండి గేటు దగ్గర తిప్పుతూ ఇండికేటర్ వేస్తే, టిక్కుమన్నప్పుడల్లా పెట్రోల్ ముల్లు కూడా తల ఊపుతోంది. అప్పటికి రెండు ఫ్లోట్ల డబ్బులు బాబాయికి బాకీ పడ్డాను.

జరిగిందేంటంటే, ఫ్లోట్‌కీ, ఇండికేటర్లకీ, హెడ్‌లైట్‌కీ, హారన్‌కీ ఎర్త్ వైర్లన్నీ ట్యాంకు కింద ఒకే జాయింట్‌లో కలిసి ఫ్రేమ్‌కి వెళతాయి. హీరో, హోండా బళ్లలో ఇవి ఆకుపచ్చ వైర్లు. ప్రెజర్ వాటర్ సర్వీసింగ్ నీళ్లు ఆ జాయింట్‌కి చుట్టిన టేపులోకి దూరతాయి, రాగి నల్లబడుతుంది, హ్యాండిల్ తిప్పినప్పుడల్లా పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. నాలుగు పోగులు మిగిలినా మల్టీమీటర్ బీప్ కొడుతుంది, ఎందుకంటే అది పంపేది చీమంత కరెంటు. అసలు లోడ్ పడ్డప్పుడు కథ వేరు. 10 వాట్ల ఇండికేటర్ బల్బులు రెండు కలిపి సుమారు 1.7 ఆంపియర్లు లాగుతాయి. జాయింట్‌లో అర ఓమ్ ఉన్నా చాలు, 0.8 వోల్టులు అక్కడే పోతాయి. అదే దారిలో 35 వాట్ల హెడ్‌లైట్ కూడా ఉంటే ఇంకో వోల్టు పైనే పోతుంది. ఆ మేరకు ముల్లు దిగుతుంది.

పాత బళ్లలో దీన్ని పట్టుకోవడం తేలిక, హెడ్‌లైట్ స్విచ్ వేసి ఆర్పి చూస్తే ముల్లు కదిలేది. 2017 ఏప్రిల్ నుంచి బళ్లకు లైట్ ఎప్పుడూ వెలిగే ఉంటోంది కదా, ముల్లు ఎప్పుడూ దిగే ఉంటుంది. చూసేవాళ్లకు అచ్చం ఫ్లోట్ పోయినట్టే అనిపిస్తుంది. అందుకని ఇలా చేయండి. ఇంజిన్ ఆఫ్‌లో ఉండగా కీ ఆన్ చేసి ముల్లు చూడండి. తర్వాత ఇండికేటర్ వేయండి, బ్రేక్ నొక్కండి, హారన్ కొట్టండి. చాలా బళ్లలో లైట్ ఇంజిన్ తిరిగితేనే వెలుగుతుంది కాబట్టి స్టార్ట్ చేసి కూడా చూడండి. వీటిలో దేనికి ముల్లు కిందికి జారినా ఫ్లోట్ జోలికి వెళ్లకండి.

ఖాయం చేసుకోవడానికి మల్టీమీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక కొస బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకో కొస ఫ్లోట్ కప్లర్‌లోని (వైర్లు కలిపే ప్లగ్గు) ఎర్త్ వైరు మీద పెట్టండి. ఇండికేటర్ వెలుగుతున్నప్పుడు 0.2 దాటితే ఎర్త్ చెడినట్టే. మల్టీమీటర్ లేకపోయినా పర్లేదు. ఒక మూరెడు వైరు తీసుకుని ఆ ఎర్త్ వైరు నుంచి నేరుగా బ్యాటరీ నెగటివ్‌కి కలపండి. ముల్లు చెంగున లేచిందంటే దొంగ దొరికాడు.

బాగుచేయడం పెద్ద పనేం కాదు. ట్యాంకు దించి, స్టీరింగ్ దగ్గర ఎర్త్ వైర్లు గుంపుగా కలిసేచోట టేపు విప్పండి. నల్లబడినంత మేర కత్తిరించి, కొత్త రాగి బయటికి తీసి, మెలిపెట్టి టంకం వేసి, స్లీవ్ తొడగండి. ఉత్త టేపు చుడితే ఇంకో వానాకాలానికి మళ్లీ మొదలు. ఫ్రేమ్‌కి బోల్టు వేసిన రింగు కింద పెయింట్ ఉంటే ఎమరీ పేపర్‌తో గీకి, మెరిసే ఇనుము మీద బిగించి, పైన కాస్త వాసెలిన్ రాయండి. కప్లర్ పిన్నులు పచ్చగా పట్టి ఉంటే వాటినీ శుభ్రం చేయండి. బాబాయి బండికి నేను చేసింది ఇంతే.

ముల్లు ఒకేచోట పాతుకుపోయింది

రెండే వైర్లు ఉండే కార్బ్యురేటర్ బళ్లకు మాత్రమే ఈ పరీక్ష. కీ ఆన్ చేసి ఫ్లోట్ కప్లర్ ఊడదీయండి, ముల్లు ఖాళీకి పడాలి. బండి వైపు వచ్చే రెండు వైర్లను చిన్న వైరు ముక్కతో ఒక్క క్షణం కలపండి, ఫుల్‌కి లేవాలి. రెండూ జరిగితే మీటర్, వైరింగ్ బాగున్నాయి, ఫ్లోట్ యూనిట్ పోయింది. ఇంజెక్షన్ బళ్లలో పంపుకి వెళ్లే కరెంటు కూడా అదే కప్లర్‌లో ఉండొచ్చు, అక్కడ వైర్లు కలిపితే ఫ్యూజ్ ఎగిరిపోతుంది. వాటికి మీ బండి వైరింగ్ బొమ్మ చూడకుండా చేయి పెట్టకండి.

ఫ్లోట్ యూనిట్ బయటికి తీశాక ప్లాస్టిక్ ఫ్లోట్‌ని చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల గుడగుడమంటే కంటికి కనపడని రంధ్రం పడి పెట్రోల్ తాగింది, అది ఇక తేలదు. చప్పుడు లేకపోతే ఫ్లోట్ తగిలించిన కడ్డీని మెల్లగా ఎత్తుతూ దించుతూ మల్టీమీటర్‌లో ఓమ్స్ చూడండి. మన దగ్గర ఎక్కువగా కనిపించే బళ్లలో ఫుల్ దగ్గర 10 లోపు, ఖాళీ దగ్గర 100కి అటూ ఇటూ వస్తుంది, మోడల్‌ని బట్టి కొంత తేడా ఉంటుంది. మధ్యలో ఎక్కడైనా అంకె మాయమైతే అక్కడ యూనిట్ లోపల కాంటాక్ట్ రాసుకుంటూ తిరిగే ట్రాక్ అరిగింది. కాంటాక్ట్ క్లీనర్ కొడితే కొన్నాళ్లు నడుస్తుంది, అంతకు మించి ఆశపడొద్దు. తిరిగి బిగించేటప్పుడు ఆ కడ్డీ వంగకుండా చూసుకోండి. వంగితే ట్యాంకు గోడకు రాసుకుని మళ్లీ అక్కడే ఆగిపోతుంది.

మీటరే పోవడం, బండి పడ్డప్పుడు ట్యాంకు సొట్టపోయి ఫ్లోట్‌కి అడ్డు రావడం, వేరే మోడల్ యూనిట్ వేయడం వల్ల ఎప్పుడూ సగమే చూపించడం కూడా ఉన్నాయి గానీ అరుదు. మీటర్ మార్చాలని ఎవరైనా చెబితే, ముందు ఆ మూరెడు వైరు పరీక్ష మీ ఎదుట చేయమనండి.