రీమిక్స్ పాఠాలు – 4: చేర్చే ముందు తీసివేయడం

గత మూడు పాఠాలలో పాటను దరువుల లెక్కన వినడం, ఆవర్తాలుగా (తిరిగి తిరిగి వచ్చే దరువుల చుట్లుగా) విడదీసి కాగితం మీద రాసుకోవడం, రికార్డింగును కంప్యూటరులోకి తెచ్చుకోవడం నేర్చుకున్నాము. రెండవ పాఠంలోని అభ్యాసం పూర్తికానివారు దానిని ముగించుకుని ఇక్కడికి రావడం మంచిది. ఈరోజు వేసే ప్రతి కోతకూ ఆ కాగితం మీది లెక్కే ఆధారం.

మా అనంతపురంలో రీమిక్స్ అనగానే చాలామందికి గుర్తుకు వచ్చేది వినాయక నిమజ్జనం బండి మీద మోగే పాత పాట. దాని కింద ఒక బరువైన డ్రమ్ము, పైన ఒక కేక, మధ్యలో ఎవరిదో పేరు చేర్చి ఉంటాయి. ఆ పాటల మీద నాకు చిన్నచూపు లేదు, వాటికి అడుగు వేసే జనం ఉన్నారు. అయితే నేర్చుకునేవారు అక్కడి నుంచి మొదలుపెడితే, ఏదో ఒకటి చేర్చడమే రీమిక్స్ అనే అభిప్రాయం మనసులో నాటుకుపోతుంది. ఈ కళ పుట్టుకను చూస్తే సంగతి అందుకు తలకిందులుగా కనిపిస్తుంది.

జమైకా దీవిలో 1950ల నుంచి వీధి నాట్యాలకు సౌండ్ సిస్టమ్ అనే ఏర్పాటు ఉండేది. ఎత్తైన స్పీకర్లు, ఆంప్లిఫయరు, రికార్డు ప్లేయరు బండికెక్కించుకుని పేట పేటకూ తిరిగే ఆ ఏర్పాటు మన జాతరల సౌండు సెట్టుకు దగ్గరి చుట్టమే. యజమానుల మధ్య పోటీ తీవ్రంగా ఉండేది. ఇంకా బజారులోకి రాని పాట ఎవరి దగ్గర ఉంటే జనం వారి దగ్గరకే వెళ్ళేవారు కనుక, వారు స్టూడియోకు వెళ్ళి, లక్కర్ అనే మెత్తని పూత ఉన్న పళ్ళెం మీద తమ కోసం ఒక్క ప్రతి చెక్కించుకునేవారు. 1960ల చివరలో స్పానిష్ టౌన్‌కు చెందిన రడీ రెడ్‌వుడ్ అనే యజమాని కోసం కింగ్‌స్టన్‌లోని ట్రెజర్ ఐల్ స్టూడియోలో అలాంటి ప్రతి ఒకటి చెక్కుతున్నప్పుడు, ఇంజనీరు బైరన్ స్మిత్ గొంతు ఉన్న ట్రాకును (టేపు మీద ఒక్కో ధ్వనికి విడిగా ఉండే వరుసను) పొరపాటున తెరవలేదని చెబుతారు. రెడ్‌వుడ్ ఆ ప్రతిని పారేయకుండా ఆ రాత్రి నాట్యంలో ముందు గొంతున్న పాటను, వెంటనే గొంతు లేని ప్రతిని వేశాడు. ఖాళీగా మిగిలిన చోటును జనం తమ గొంతులతో నింపారు.

ఆ పొరపాటును విద్యగా మలచినవాడు కింగ్ టబ్బీ అని పేరుపడిన ఆస్‌బోర్న్ రుడాక్ (1941–1989). ఆయన వృత్తి రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేయడం. కింగ్‌స్టన్‌లోని వాటర్‌హౌస్ పేటలో, ఒక ఇంటి గదిలో, నాలుగు ట్రాకుల టేపును మిక్సింగ్ బల్లకు (ట్రాకులను విడివిడిగా తెరిచి మూసే పరికరానికి) కలుపుకుని, గొంతును ఒక మాట దగ్గర తుంచి, ఆ తుంపును ప్రతిధ్వనిలోకి వదిలి, కింద బేస్, డ్రమ్ము మాత్రమే మిగిల్చి, మళ్ళీ ఒక్క క్షణం గిటారును తెరిచి మూసేవాడు. కొత్తగా వాయించింది ఏమీ లేకపోయినా ఒకే టేపు నుంచి పాటకు పది రూపాలు వచ్చేవి. డబ్ అని పిలిచే ఆ పద్ధతి నుంచే రీమిక్స్ చేసేవాడు కూడా ఒక కళాకారుడనే భావన బలపడింది. 1973 ఆగస్టు 11న న్యూయార్కులోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ భవనంలో జరిగిన వేడుకలో రికార్డులు వేసిన, హిప్‌హాప్‌కు ఆద్యుడని చెప్పే డీజే కూల్ హెర్క్ కూడా జమైకాలో పుట్టినవాడే. ఒకే రికార్డు రెండు ప్రతులను పక్కపక్కన పెట్టుకుని, పాటంతా వదిలి డ్రమ్ము ఒంటరిగా మిగిలే కొద్ది క్షణాలనే మార్చి మార్చి వేసే ఆయన పద్ధతి కూడా ఒక రకమైన తీసివేతే.

ఇక చేతిపనికి వద్దాము. ఈ పాఠానికి నేను ఎంచుకున్న రికార్డింగు తాడిపత్రి దగ్గరి ఒక పల్లెలో, శ్రీరామనవమి రాత్రి, చెక్కభజన బృందాన్ని అడిగి, వారి అనుమతితో నేనే చేసుకున్నది. గురువు పాట ఎత్తుకుంటాడు, బృందం తిరిగి పాడుతుంది, చెక్కలు, కాళ్ళ గజ్జెలు, మద్దెల కలిసి నడుస్తాయి. మీరు కోలాటమైనా, ఉరుముల వాద్యమైనా, ఇంట్లో అమ్మమ్మ పాడే సువ్వి పాటైనా తీసుకోవచ్చు. సినిమా పాటను మాత్రం ఇప్పుడే ముట్టుకోవద్దు. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ, పాత పాటను కొత్తగా పాడించి రికార్డు చేయదలచినవారికి మొదటి రికార్డింగు తరువాత 5 సంవత్సరాల గడువు, ముందస్తు నోటీసు, ఏటా కనీసం 50,000 ప్రతులకు రాయల్టీ అనే షరతులు పెట్టింది. అసలు రికార్డింగునే కోసి వాడుకోవడానికి ఆ వెసులుబాటు వర్తించదు, దాని యజమాని నుంచి విడిగా అనుమతి పొందాలి. జానపద పాటకు రచయిత ఎవరో తెలియకపోయినా దానిని పాడినవారికి హక్కు ఉంటుందని కూడా గుర్తుంచుకోండి.

మొదటి పని ప్రతి తీసుకోవడం. అసలు ఫైలును వేరే చోట భద్రపరచి, ప్రతి మీదే కత్తెర పెట్టండి. చాలా ఏళ్ళ క్రితం నేను అసలు ఫైలు మీదే కోతలు వేసి సేవ్ చేసేశాను. అందులో పాడిన పెద్దాయన ఆ తరువాతి సంక్రాంతికి లేరు. ఆ పాటలో నేను అనవసరమని తీసేసిన రెండు చరణాలు ఇప్పుడు ఎవరి దగ్గరా లేవు.

రెండవ పని కాలాన్ని కొలవడం. నా రికార్డింగు మొదట్లో 16 దరువులకు సరిగ్గా 10 సెకన్లు పడుతున్నది. అంటే దరువుకు 0.625 సెకను, నిమిషానికి 96 దరువులు, 8 దరువుల ఆవర్తానికి 5 సెకన్లు. అదే పాట చివర 16 దరువులు 8 సెకన్లలో ముగుస్తున్నాయి, అంటే నిమిషానికి 120. చెక్కభజన మెల్లగా మొదలై ఊపందుకుంటుంది, అందమంతా ఆ ఊపులోనే ఉంది కనుక దానిని తప్పుగా భావించి సరిదిద్దబోకండి. కాలం నిలకడగా ఉన్న నాలుగైదు ఆవర్తాల ముక్కను వెతుక్కోండి, అది చాలు.

మొదటి ముక్కను చివరి ముక్క వేగానికి తేవాలనుకుంటే ఏమవుతుందో ఒకసారి చెవితో చూడండి. టేపును వేగంగా తిప్పినట్టు 96ను 120కి పెంచితే వేగం ఒకటింపావు రెట్లు అవుతుంది, శ్రుతి కూడా అంతే పెరుగుతుంది. షడ్జం (స) మీద నిలిచిన గురువు గొంతు అంతర గాంధారానికి (గ) ఎక్కి కూర్చుంటుంది, పెద్దమనిషి గొంతు పిల్లవాడి గొంతు వైపు జరుగుతుంది. శ్రుతి మారకుండా వేగం పెంచే సదుపాయం నేటి సాఫ్ట్‌వేర్లలో ఉన్నది. గొంతుకు అది కొంతవరకు పనికివస్తుంది గానీ, చెక్కల దెబ్బ దాని చేతిలో నలిగిపోతుంది. ఠక్కుమనవలసింది ఒక్కోసారి ఠరక్కుమంటుంది. కనుక చెక్కల విషయంలో ముక్కను సాగదీయకుండా, ఒక్కొక్క దెబ్బనూ విడిగా కోసి కొత్త కాలం ప్రకారం పేర్చడమే మేలు.

మూడవ పని కోత. ఈ పాఠంలో ఎక్కువ సమయం ఇవ్వవలసింది దీనికే. తెర మీద తరంగాన్ని బాగా పెద్దది చేసి ఒక దెబ్బను చూడండి. ఇరవైమంది చెక్కలు ఒక్కసారే మోగినట్టు చెవికి తోచినా, తెర మీద అది ఒక గీతగా కనిపించదు. ముందు ఒకరిద్దరి చెక్కలు సన్నగా లేస్తాయి, వెనుకనే గుంపంతా ఎత్తుగా లేస్తుంది, చివర ఆలస్యమైన ఒక జత తోకలా వాలుతుంది. కొత్తవారు అన్నిటికంటే ఎత్తైన చోట కోస్తారు. అలా కోస్తే ముందుగా లేచిన చెక్కలు తెగిపోయి, దెబ్బ మొద్దుబారి, గుంపు కాస్తా యంత్రంలా వినిపిస్తుంది. మొట్టమొదటి చెక్క లేవకముందు ఉన్న నిశ్శబ్దపు అంచున కోయండి. ఆ అంచు కూడా తరంగం మధ్యగీతను దాటే బిందువు దగ్గర ఉండాలి, లేకుంటే లూప్ (మళ్ళీ మళ్ళీ మోగేలా పెట్టిన ముక్క) తిరిగిన ప్రతిసారీ టిక్కుమనే శబ్దం వస్తుంది. ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరులో ముక్కను ఎంచుకుని జెడ్ మీట నొక్కితే రెండు కొసలూ దగ్గరలోని అలాంటి బిందువులకు జరుగుతాయి.

ఇంకొక చిక్కు గజ్జెలది. ఎనిమిదవ దరువున మోగిన గజ్జె తరువాతి ఆవర్తపు మొదటి దరువులోకి కూడా జారుతుంది. పాట మొదలైన మొదటి ఆవర్తాన్నే లూప్‌గా తీసుకుంటే దాని ఆరంభంలో ఆ జారుడు ఉండదు కాబట్టి, తిరిగిన ప్రతిసారీ గజ్జెల మోత కత్తితో నరికినట్టు ఆగిపోతుంది. రెండవ ఆవర్తమో మూడవదో తీసుకోండి. వెనుకటి గజ్జెల శేషం అప్పటికే అందులో ఉంటుంది కనుక అతుకు చెవికి తెలియదు.

ఇప్పుడు తీసివేత. టబ్బీకి నాలుగు ట్రాకులు విడివిడిగా ఉండేవి, మనకు ఒకే మైకు రికార్డింగు ఉన్నది. గొంతును, వాద్యాలను విడదీసే ప్రోగ్రాములు 2019 నుంచి ఉచితంగానే దొరుకుతున్నాయి, అయితే గజ్జెల సన్నని మోతను, పాటలోని సకారాలను అవి తరచుగా కలగాపులగం చేస్తాయి. వాటిని తరువాతి పాఠానికి వదిలి, పాటే మనకు ఇచ్చిన ఖాళీలను వాడుకుందాము. చరణం ముగిశాక గురువు ఊపిరి తీసుకునే ఒకటి రెండు ఆవర్తాలలో చెక్కలు, మద్దెల మాత్రమే నడుస్తాయి. మన గొంతు లేని ట్రాకు అదే.

అభ్యాసం ఇది. గొంతు లేని ఒక ఆవర్తాన్ని కోసి ఎనిమిదిసార్లు వరుసగా పేర్చండి. మొదటి నాలుగింటిని అలాగే ఉంచండి. అయిదవ, ఆరవ ఆవర్తాలకు 200 హెర్ట్జ్ వద్ద హై పాస్ ఫిల్టర్ (అంతకంటే కింది ధ్వనులను తగ్గించేది) పెట్టండి. మద్దెల అడుగు జారిపోయి చెక్కలు, గజ్జెలు గాలిలో తేలుతున్నట్టు ఉంటాయి. ఏడవ ఆవర్తపు ఎత్తుగడ మీద ఫిల్టర్ తీసేసి, మద్దెల తిరిగి వచ్చిన ఆ దరువు మీదనే, అదే వేగంలో పాడిన గురువు పల్లవిని ఒక్క పాదం మాత్రం ఉంచండి. ఎనిమిదవ ఆవర్తంలో బృందం జవాబు చెప్పవలసిన చోట గొంతులు పెట్టకుండా, దరువును మాత్రమే నడవనివ్వండి. ఆవర్తం 5 సెకన్లైతే మొత్తం 40 సెకన్లు వస్తుంది. కొత్త వాద్యం ఒక్కటి కూడా చేర్చవద్దు. తయారైన దానిని ఆ పాట తెలిసిన పెద్దవారు ఎవరికైనా, ముందుగా ఏమీ చెప్పకుండా, ఇంట్లోని మామూలు స్పీకరులోనే వినిపించండి. ఎనిమిదవ ఆవర్తం దగ్గర వారి పెదవులను గమనించండి. జవాబు పాదం కోసం అవి కదిలితే కోత సరైన చోట పడినట్టు, కదలకపోతే ఏడవ ఆవర్తపు ఎత్తుగడను ఒక దరువు ముందుకో వెనక్కో జరిపి మళ్ళీ వినిపించండి.