భీమవరంలో ఇల్లు కొనే ముందు: టౌనులోనా, కొత్త లేఅవుట్లోనా?

ముందు నీళ్లు. బోరు నీళ్లు టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) మీటరుతో కొలవండి: లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు మంచిది, 2000 దాటితే తాగడానికి ఆశ వదులుకోవాల్సిందే. వేసవిలో కాలవలకు నీళ్లు ఆపేశాక కుళాయి ఎన్నాళ్లకోసారి వస్తుందో పక్కింటావిడను అడగండి, బ్రోకరును కాదు.

పాత పేటల్లో బజారు, బడి, ఆసుపత్రి నడక దూరమే. కానీ రోడ్డు మీద రోడ్డు వేసి ఇళ్లు గుంటలో పడ్డాయి. తాపీమేస్త్రి చేత నీళ్ల గొట్టంతో మట్టం చూపించండి. గచ్చు రోడ్డుకన్నా 2 అడుగులైనా ఎత్తు లేకపోతే జడివానకు మురుగు గుమ్మంలోకొస్తుంది. బీరువా జరిపి గోడ అడుగు చూడండి. తెల్లటి ఉప్పుపొడి రాలితే చెమ్మ పునాదినుంచి ఎక్కుతున్నట్టే, రంగేస్తే ఆగదు.

కొత్త లేఅవుట్లో రోడ్లు వెడల్పే, అసలు భయం పూడ్చిన చేపల చెరువు. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలు తిప్పితే చెరువు బయటపడుతుంది. పూడిక మట్టి సరిగా దిగకముందే కడితే కిటికీ మూలలనుంచి మెట్లలా పగుళ్లు వస్తాయి. పైల్ పునాది (గట్టి నేల దాకా లోతుగా దింపే స్తంభాలు) వేశారేమో అడిగి, ప్లాను కాగితం చూడండి.

కాలవగట్టు ఇల్లు గాలికి హాయే, ధరా తక్కువే. స్థలం ఇరిగేషన్‌దైతే మాత్రం బ్యాంకు లోను రాదు. 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే కాగితం) తీయించాకే బయానా ఇవ్వండి.