పెరుగులో వేసే ప్రోబయోటిక్ బాక్టీరియాను ఎలా ఎంచుకోవాలి?

ఇంట్లో తోడేసిన పెరుగులోనూ బాక్టీరియా కోట్లలో ఉంటుంది. అంతమాత్రాన దాన్ని ప్రోబయోటిక్ అనలేం. 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్‌ఏఓ, ప్రపంచ ఆరోగ్య సంస్థ డబ్ల్యూహెచ్‌ఓ నిపుణులు చెప్పిన ప్రకారం, తగినంత మోతాదులో ప్రాణంతో లోపలికి వెళ్లి మనిషి ఆరోగ్యానికి మేలు చేసేదే ప్రోబయోటిక్. ప్రోబయోటిక్ పెరుగో, లస్సీయో తయారు చేద్దామనుకునే చిన్న డెయిరీలు, ఫుడ్ టెక్నాలజీ విద్యార్థులు ఈ వరుసలో వెళ్తే డబ్బూ కాలమూ కలిసొస్తాయి.

1. స్ట్రెయిన్ తేల్చుకోండి

‘అసిడోఫిలస్’ అనో ‘రామ్నోసస్’ అనో జాతి పేరు ఒక్కటే చూసి కొనకండి. ఆ జాతిలో ఏ స్ట్రెయిన్ (ప్రత్యేక రకం) అన్నది చూడాలి. రామ్నోసస్ జాతిలోని జీజీ అనే స్ట్రెయిన్‌ను 1983లో గోర్‌బాక్, గోల్డిన్ ఆరోగ్యంగా ఉన్న మనిషి పేగుల నుంచి వేరు చేశారు. దాని మీద వచ్చిన ఫలితాలు దానివే, మరో రామ్నోసస్‌కు వర్తించవు. 16ఎస్ అనే ఒక్క జన్యువును చదివే పరీక్షతో జాతి తెలుస్తుంది కానీ స్ట్రెయిన్ తేలదు, దానికి జన్యువులన్నిటినీ, అంటే పూర్తి జీనోమ్ చదివించాలి. కల్చర్లు (పెంచి భద్రపరిచిన బాక్టీరియా) కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ ఎన్‌డీఆర్‌ఐ, చండీగఢ్‌లోని సూక్ష్మజీవుల సేకరణ కేంద్రం ఎంటీసీసీ భాండాగారాల్లో దొరుకుతాయి.

2. ముందు భద్రత

యాంటీబయోటిక్‌లను తట్టుకునే జన్యువులను వేరే బాక్టీరియాకు అందించే స్ట్రెయిన్ ఎంత మంచిదైనా పక్కన పెట్టేయండి. రక్తం కలిపిన ఆగర్ (బాక్టీరియాను పెంచే జెల్లీ) మీద పెంచి, ఎర్ర రక్తకణాలను పగలగొడుతోందేమో కూడా చూడాలి. ఇక్కడ ఫెయిలైతే తర్వాతి పరీక్షలతో పనే లేదు.

3. కడుపు దాటుతుందా?

37 డిగ్రీల దగ్గర, కడుపులోలా పుల్లగా, పీహెచ్ 2.5 నుంచి 3 ఉన్న ద్రావణంలో మూడు గంటలు ఉంచండి. తర్వాత 0.3 శాతం పైత్యరస లవణాల్లో నాలుగు గంటలు. ముందూ వెనకా ఎన్ని బతికున్నాయో లెక్కపెట్టండి. చాలా మంది ఇక్కడితోనే ఆగిపోతారు. నా దృష్టిలో అసలు పని ఇక్కడే మొదలవుతుంది.

4. పాలలో పెట్టి చూడండి

పేగుల్లో హాయిగా పెరిగే బాక్టీరియాకు పాలు అంతగా పడవు. పాల ప్రొటీన్‌ను విడగొట్టే శక్తి చాలావాటికి తక్కువ కాబట్టి ఒంటరిగా వదిలితే పెరుగు తోడుకోవడానికి చాలా ఆలస్యమవుతుంది. అందుకే పాలను త్వరగా తోడేసే స్ట్రెప్టోకోకస్ థర్మోఫిలస్ అనే బాక్టీరియాను జతగా కలుపుతారు. దీనికి 42 డిగ్రీల వేడి ఇష్టం, ప్రోబయోటిక్‌లలో చాలావాటికి 37 చాలు. రెంటికీ సరిపడే ఉష్ణోగ్రతను మీ పాలలోనే ప్రయత్నించి పట్టుకోవాలి.

యోగర్ట్ తోడులో ఉండే బల్గారికస్ అనే బాక్టీరియాతో జాగ్రత్త. ఫ్రిజ్‌లో పెట్టాక కూడా అది పులుపు పెంచుతూ పోతుంది, ఆ పులుపుకు ప్రోబయోటిక్ చచ్చిపోతుంది. దాన్ని తగ్గించడమో, అసలు వేయకపోవడమో మంచిది. బిఫిడోబాక్టీరియా అనే ప్రోబయోటిక్ రకంతో మరో ఇబ్బంది: వాటికి గాలి పడదు, పైగా ఎసిటిక్ ఆమ్లం తయారు చేస్తాయి. ఎక్కువైతే పెరుగు వెనిగర్ వాసన కొడుతుంది, ఎవరూ రెండో చెంచా తినరు. రుచి చూసే మనుషుల్ని ఈ దశలోనే కూర్చోబెట్టండి.

5. గడువు చివరి రోజున లెక్కపెట్టండి

తయారైన రోజు లెక్క చూసి సంబరపడొద్దు. ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నియమం ప్రకారం రోజుకు తీసుకునే మోతాదులో కనీసం 10 కోట్ల బతికున్న బాక్టీరియా ఉండాలి. 100 గ్రాముల కప్పు అయితే గ్రాముకు 10 లక్షలు. 4 డిగ్రీల ఫ్రిజ్‌లో ఉంచి వారం వారం లెక్కించండి. లెక్కించాలంటే ఆగర్ ప్లేటు మీద పెంచాలి, అయితే తోడు బాక్టీరియా కూడా అదే ప్లేటు మీద పెరిగి లెక్కలో కలిసిపోతుంది. బిఫిడో అయితే ఆగర్‌లో ముపిరోసిన్ అనే యాంటీబయోటిక్ కలిపి, గాలి తగలని జార్‌లో పెంచితే మిగతావి అణిగిపోయి అది మాత్రమే కనిపిస్తుంది. మన షాపుల్లో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది కాబట్టి, కొన్ని కప్పుల్ని 10 డిగ్రీల దగ్గర కూడా ఉంచి చూడండి.

6. మేలు గురించి చెప్పాలంటే

2011లో వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, కేంద్ర బయోటెక్నాలజీ శాఖ డీబీటీ ఇచ్చిన మార్గదర్శకాలు మనుషుల మీద పరీక్షలు అడుగుతాయి. విరేచనాలు తగ్గిస్తుందని రాయాలంటే అదే స్ట్రెయిన్, అదే మోతాదు మీద ఫలితం ఉండాలి. అది చేతిలో లేకపోతే కప్పు మీద స్ట్రెయిన్ పేరు, గడువు ముగిసేదాకా ఉండే సంఖ్య రాసి ఊరుకోండి.